బొమ్మల పుస్తకం దాటిన పిల్లలకు



మీ ఇంట్లో ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు ఉన్నారా? ఉంటే వాళ్లను కూడా పిలిచి రేడియో దగ్గర కూర్చోబెట్టండి. ఇవాళ మాట్లాడుకునేది వాళ్ల గురించే. వాళ్లు చదువుకోదగ్గ కథల గురించి. పరీక్షలో వచ్చే పాఠాల గురించి కాదు. జనరల్ నాలెడ్జి పుస్తకాల గురించి అసలే కాదు. కథలు, నవలలు. ఊరికే సరదాగా చదువుకునేవి. మధ్యలో కొన్ని పుస్తకాల పేర్లు చెప్తాను, ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

పది నుంచి పదమూడేళ్ల వయసు ఉంది చూశారూ, అది తికమక వయసు. బొమ్మల పుస్తకం చేతిలో పెడితే, "ఇది చిన్నపిల్లలది సార్" అని పక్కన పెట్టేస్తారు. నాన్న చదివే వారపత్రిక ఇస్తే రెండు పేజీలు తిప్పి ఆవలిస్తారు. మరి ఏం చదవాలి? తెలుగులో ఈ నడిమి జాగా చాలాకాలం పలచగానే ఉంది. పసిపిల్లలకు గేయాలు రాశారు. పెద్దవాళ్లకు నవలలు రాశారు. పదేళ్ల పిల్లకు మాత్రం ఒక నీతికథ రాసి చేతులు దులుపుకున్నారు. ఒక పేజీ కథ, కింద నల్లటి అక్షరాల్లో నీతి. పిల్లలు తెలివైనవాళ్లు. ముందు నీతి చదివేసి, కథ వదిలేస్తారు.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఈ వయసు పిల్లలకు కావలసింది నీతికథ కాదు, పొడుగాటి కథ. నాలుగు రోజులు చదివినా అయిపోని కథ. రేపు ఏమవుతుందో అనుకుంటూ నిద్రపోయే కథ. తమ వయసు పిల్లలే అందులో ఉండాలి. వాళ్లు ఏదో ఒకటి తలపెట్టాలి, చెడగొట్టుకోవాలి, మళ్లీ వాళ్లే సరిచేసుకోవాలి. పెద్దవాళ్లు వచ్చి తీర్పు చెప్పకూడదు.

ఇలాంటివి మనకు లేవా అంటే, ఒకప్పుడు నెలనెలా వచ్చేవి. 1947 జులైలో చందమామ మొదలైంది. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారు సీరియల్స్ రాశారు. తోకచుక్క, కంచుకోట, పాతాళదుర్గం, శిథిలాలయం, ఇంకా ఎన్నో. ఆయన పేరు పత్రికలో వేసేవాళ్లు కాదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే రెండు తరాల పిల్లలు ఆ కథల కోసం నెలంతా ఎదురుచూశారు. హీరో లోయ అంచున నిలబడి ఉంటాడు, వెనక రాక్షసుడు. అక్కడ ఆపేసేవారు. తర్వాతి నెల దాకా ఆగాల్సిందే. ఆ సీరియల్స్ తర్వాత పుస్తకాలుగా కూడా వచ్చాయి. దొరికితే వదలకండి. కాని ఒక మాట. వాటిలో రాజకుమారులు, మాంత్రికులు, భటులు ఉంటారు. సాహసమంతా మగపిల్లలదే. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే, "నాలాంటిది ఏది ఇందులో?" అని అడుగుతుంది. అడగాలి కూడా.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, కొందరికి కోపం వచ్చినా సరే. పిల్లల పుస్తకం అనగానే చాలామంది బుడుగు పేరు చెప్తారు. ముళ్లపూడి వెంకటరమణగారి రాత, బాపుగారి గీత. గొప్ప పుస్తకమే, నాకూ ఇష్టమే. కాని బుడుగును చదివి పడిపడి నవ్వేది పెద్దవాళ్లు. పదకొండేళ్ల పిల్లవాడికి ఆ వెటకారం సగమే అందుతుంది. అది పిల్లవాడి మీద రాసిన పెద్దల పుస్తకం. ముందు మీరు చదువుకోండి. పిల్లలకు తర్వాత ఇవ్వచ్చు.

ఇక కొత్తవాటి సంగతి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్యానికి ఏటా పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొట్టమొదట అది దక్కింది ఒక నవలకు. కలువకొలను సదానందగారి 'అడవి తల్లి'. ఆ తర్వాత ఎక్కువగా కథల సంపుటాలకు, గేయాలకు, ఒకసారి నాటికకు వచ్చింది. 2024లో నవలకు వచ్చింది. పి. చంద్రశేఖర ఆజాద్‌గారి 'మాయాలోకం'. మొదటిది అడవి తల్లి, మొన్నటిది మాయాలోకం. ఈ రెండు పేర్లు రాసుకోండి. నడుమ నవలలు ఎంత తక్కువో చూడండి, అదే నేను చెప్తున్న ఖాళీ. మన దగ్గర పిల్లల కోసం కథ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నవల రాయడానికి కూర్చునేవాళ్లు తక్కువ.

కథలే కావాలనుకునేవాళ్లకు 2023లో పురస్కారం పొందిన డి.కె. చదువుల బాబుగారి 'వజ్రాల వాన' ఉంది. 2025లో పొందిన గంగిశెట్టి శివకుమార్‌గారి 'కబుర్ల దేవత' ఉంది. పొడుగు పుస్తకం చూసి భయపడే పిల్లలకు ముందు ఇలాంటివి ఇచ్చి, అలవాటయ్యాక నవల ఇవ్వండి. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ ఉంది. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు పిల్లల పుస్తకాలకు పోటీలు పెట్టి, ఎంపికైనవి అచ్చువేస్తున్నారు. బొమ్మల పుస్తకాలే కాదు, నవలలు కూడా. ధర కూడా మనలాంటివాళ్లకు అందేదే. బడికి పుస్తకాలు కొనాలనుకునే సార్లు, టీచరమ్మలు ముందు వాళ్ల జాబితా తెప్పించుకుని చూడండి.

ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడాల్సిన పుస్తకం దగ్గరికి వస్తున్నాను.

మన నారాయణఖేడ్ సంగతి మీకు తెలుసు. ఇటు పోతే బీదర్, అటు పోతే మహారాష్ట్ర. మన కంగ్టి, నాగల్‌గిద్ద, మనూరు పిల్లల నోట్లో తెలుగు ఒక్కటే ఉండదు. కన్నడం ఉంటుంది, మరాఠీ ఉంటుంది. తండా నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బజార్లో ఉర్దూ మాట్లాడుతుంది, బళ్లో తెలుగు చదువుతుంది. అలాంటి పిల్ల చేతికి పుస్తకం వస్తుంది. తెరిస్తే ఎక్కడో దూరపు భాష. అందులో అమ్మ పట్టుచీర కట్టుకుని దీపం పెడుతూ ఉంటుంది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగుతూ ఉంటాడు. ఆ పిల్లకు అనుమానం వస్తుంది. కథలన్నీ ఇలాంటి ఇళ్లలోనే జరుగుతాయేమో, మా ఇంట్లో కథ జరగదేమో అని.

ఈ అనుమానం తీర్చే పుస్తకాలు 2008లో వచ్చాయి. హైదరాబాద్‌లో అన్వేషి అనే స్త్రీల పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు పదేళ్లు దాటిన పిల్లల కోసం ఒక వరుస పుస్తకాలు తయారుచేశారు. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు, మూడు భాషల్లో. అందులో గోగు శ్యామలగారి కథలున్నాయి. శ్యామలగారిది తాండూరు పక్క పెద్దేముల్. అంటే మన పొరుగే. ఆమె కథల్లో బడెయ్య అనే పిల్లవాడు ఉన్నాడు. ఊరందరికీ చెప్పులు కుట్టే ఇల్లు వాళ్లది. వాళ్లమ్మ కాళ్లకు మాత్రం చెప్పులుండవు. పొలంలో ముళ్లు గుచ్చుకుంటుంటాయి. పిల్లవాడు చూస్తాడు. అమ్మకు చెప్పులు తానే కుట్టాలనుకుంటాడు. అంతే కథ. చెప్తే ఇంత చిన్నది. కాని బళ్లో చదివి వినిపిస్తుంటే పిల్లలు కదలరు. ఎందుకంటే అది చెప్పుల కథ ఒక్కటే కాదని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరు చెప్పులు వేసుకోవచ్చు, ఎవరు వేసుకోకూడదు అని ఊళ్లో ఒకప్పుడు ఉన్న లెక్కలు వాళ్ల అవ్వలకు, తాతలకు తెలుసు. ఆ రాత్రి ఇంటికి పోయి అడుగుతారు.

అదే పుస్తకంలో తాటకి అని పిలిపించుకునే ఆడపిల్ల కథ ఉంది. తెల్లవారకముందే లేచి పొలానికి నీళ్లు పెట్టబోతుంది. దారిలో అడ్డం వచ్చిన దొరకు ఎదురు తిరుగుతుంది. ఈ కథను ముందు మీరు చదవండి, తర్వాత పిల్లలతో కలిసి చదవండి. దాచిపెట్టమని కాదు. చదివాక పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, అప్పుడు మీరు పక్కన ఉండాలి. పేర్లు మళ్లీ చెప్తున్నాను. రాసినవారు గోగు శ్యామల. కథలు బడెయ్యది, తాటకిది.

ఆ వరుసలోనే మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'తలకాయ కూర' ఉంది. పేరు వినగానే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. మన పిల్లల పుస్తకాల్లో పప్పు ఉడికింది, గారెలు వేగాయి, పాయసం కాగింది. ఆదివారం పొద్దున మన సగం ఇళ్లలో వచ్చే వాసన మాత్రం అచ్చులోకి ఎక్కలేదు. ఈ ఒక్క పుస్తకం పేరు చదివితేనే కొందరు పిల్లలకు ధైర్యం వస్తుంది, తమ ఇంటి సంగతి కూడా రాయచ్చని. ఖదీర్‌బాబుగారివే 'దర్గామిట్ట కతలు' కూడా ఉన్నాయి. అవి పిల్లల కోసమని రాసినవి కావు కాని, ఏడో తరగతి దాటిన పిల్లలు హాయిగా చదువుతారు.

భాష గురించి కొందరు టీచర్లు వెనకాడతారు. మా యాసలో ఉన్న పుస్తకం చదివితే పిల్లల తెలుగు పాడవుతుందేమో అని. మన పక్కనే జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. 2008 నుంచి అక్కడి దళిత మహిళలే తమ మాటలో కార్యక్రమాలు చేస్తున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి. ఆ మాట ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. పిల్లలు పరీక్షలో రాసే తెలుగు ఎలాగూ పాఠ్యపుస్తకంలో నేర్చుకుంటారు. కథ మాత్రం ఇంటి మాటలో ఉంటే, చదవడం మీద భయం పోతుంది. భయం పోయాక ఏ తెలుగైనా చదువుతారు.

అయితే మన ఊరి కథలే చదవాలా? కానే కాదు. అసలు ఈ వయసులోనే దూరపు ఊళ్లు కూడా చూడాలి. నండూరి రామమోహనరావుగారు మార్క్ ట్వేన్ నవలల్ని తెలుగు చేశారు. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజూ-పేదా. స్టీవెన్సన్ రాసిన ఓడదొంగల నవలను 'కాంచన ద్వీపం' పేరుతో ఇచ్చారు. అనువాదమని తెలియనంత చక్కటి తెలుగు. టామ్ సాయర్‌లో ఒక ఘట్టం ఉంది. ఆటలు ఆడుకునే రోజున పిల్లవాడికి కంచెకు సున్నం వేసే పని పడుతుంది. స్నేహితులు వచ్చి వెక్కిరిస్తారు. వాడు మాత్రం ఎంతో ఇష్టంగా, ఇంతకన్నా గొప్ప పని లోకంలో లేదన్నట్టు కుంచె ఆడిస్తుంటాడు. కాసేపటికి ఆ స్నేహితులే బతిమాలి, తమ దగ్గరున్న వస్తువులు లంచమిచ్చి మరీ, ఆ సున్నం వేసిపెడతారు. నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో రాసిన సంగతి. మన ఖేడ్ పిల్లలకు చదివి చూడండి. మర్నాడు బళ్లో నల్లబల్ల తుడిచే పనికి పోటీ పడతారు.

ఇంకొకటి 'రైలుబడి'. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి అనే ఆమె తన చిన్నతనం గురించి రాసింది. నిజంగా జరిగిందే. కాని చదువుతుంటే నవలలాగే ఉంటుంది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి పంపేసిన పిల్ల అది. కొత్త బడికి వస్తుంది. అక్కడ తరగతి గదులు పాత రైలుపెట్టెలు. హెడ్‌మాస్టర్ కొబయాషి గారు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకేం చెప్పాలనుందో చెప్పు అంటారు. పిల్ల మొదలుపెడుతుంది. పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నం అన్నం వేళ దాకా చెప్తూనే ఉంటుంది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోకుండా వింటారు. పిల్లలకంటే టీచర్లు ముందు చదవాల్సిన పుస్తకం ఇది. పేరు మళ్లీ, రైలుబడి.

సరే, పుస్తకం తెచ్చారు. బల్ల మీద పెట్టారు. పిల్లలు ముట్టుకోలేదు. అప్పుడేం చేయాలి?

చదివి వినిపించండి. ఆరో తరగతి పిల్లలకు మనం చదివేదేంటి అనుకోకండి. రోజూ పడుకునే ముందు పది నిమిషాలు. పది నిమిషాలే. కథ మంచి పట్టులో ఉన్నచోట ఆపేయండి. "మల్లేమైంది?" అని అడుగుతారు. రేపు చెప్తా అనండి. మూడోరోజుకల్లా పుస్తకం మీ చేతిలోంచి మాయమవుతుంది, వాళ్లే లాక్కుని చదివేసుకుంటారు. చదువురాని అమ్మానాన్నలుంటే ఇంకా మంచిది. పిల్లే చదివి వినిపిస్తుంది. మీరు కందులు చెరుగుతూ వినండి. తప్పు చదివిందా లేదా అని చూడక్కర్లేదు. తర్వాత ఏమైందని అడగండి చాలు. మన రేడియోలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, అంటే రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. వాళ్ల గొంతులో కథలు విని పెరిగిన పిల్లలు ఎందరో. 1945లో వాళ్లే 'బాల' పత్రిక కూడా మొదలుపెట్టారు. చెవితో విన్న పిల్లలకు కంటితో చదివేది కూడా కావాలని వాళ్లకు తెలుసు.

పుస్తకం కొనే స్తోమత లేనివాళ్లకు ఫోన్ ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవచ్చు. మొదటి స్థాయి, రెండో స్థాయి పసిపిల్లలవి. మన పిల్లలకు మూడు, నాలుగు స్థాయిలు చూడండి. ఫోన్‌లో చదవడం నాకు అంత ఇష్టం లేదు, కథ మధ్యలో వేరే వీడియోకి వేలు జారిపోతుంది. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

బాలచెలిమి వాళ్లు తెలంగాణ జిల్లాల బడిపిల్లలు రాసిన కథల్ని పుస్తకాలుగా తెచ్చారు. వాటిని సాహిత్యమని కాదు, ధైర్యమని ఇవ్వండి. తనలాంటి ఎనిమిదో తరగతి పిల్ల పేరు అచ్చులో చూసిన పిల్ల, ఆ సాయంత్రమే నోటుబుక్కు తీస్తుంది.

చివరగా, మన దగ్గర ఉన్న ఒక కష్టం గురించి. దసరా దాటగానే మన తండాల నుంచి, ఊళ్ల నుంచి కుటుంబాలు చెరుకు కొట్టడానికి బయలుదేరతాయి. జహీరాబాద్ వైపు, కర్ణాటక వైపు, మహారాష్ట్ర వైపు. ఎడ్లబండ్లు కట్టుకుని కొందరు, లారీల్లో కొందరు. మళ్లీ వచ్చేది ఉగాది దగ్గరపడ్డాకే. కొంతమంది పిల్లలు సీజనల్ హాస్టల్లో ఉంటారు, కొంతమంది అవ్వ దగ్గర ఉంటారు. మిగతావాళ్లు తల్లిదండ్రుల వెంటే పోతారు. చెరుకుతోట పక్కన గుడిసెల్లో నెలలు గడుపుతారు. చిన్న చెల్లెల్ని ఎత్తుకుని ఉండేది ఈ పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లే. ఆ పిల్ల సంచిలో గిన్నెలుంటాయి, దుప్పటి ఉంటుంది. చదివే పుస్తకం ఉండదు. అన్ని నెలలు అచ్చక్షరం కంటబడకపోతే, తిరిగి బడికి వచ్చాక కూడబలుక్కుని చదవాల్సి వస్తుంది. అప్పుడు సిగ్గుపడి బడి మానేస్తుంది.

2022లో ప్రభుత్వం వంద రోజుల చదువు కార్యక్రమం పెట్టినప్పుడు బడుల్లో గ్రంథాలయం అల్మారాలు తెరుచుకున్నాయి. చాలాచోట్ల ఆ తర్వాత మళ్లీ తాళం పడింది. ఎందుకని అడిగితే, పుస్తకం పోతే ఎవరు కట్టాలి సార్ అంటారు. నిజమే, లెక్క చూపించాలి. కాని అల్మారాలో చెదలు తిన్న పుస్తకానికి ఎవరూ లెక్క అడగడం లేదు. వలసపోయే పిల్లకు ఇచ్చిన పుస్తకం తిరిగి రాకపోవచ్చు. నలిగి రావచ్చు. చెరుకు రసం మరకలతో రావచ్చు. ఆమాత్రం నష్టం మన బడి భరించగలదు.

అందుకని టీచర్లకు ఒక మనవి. ఈసారి దసరా సెలవులకు ముందు, బండి ఎక్కే ప్రతి పిల్లకూ, ఆ పిల్ల పేరు రాసుకుని, ఒక కథల పుస్తకం ఇవ్వండి. పొడుగాటిది ఇవ్వండి, త్వరగా అయిపోనిది.

తల్లిదండ్రులకు ఇంకో మనవి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. అది మీ డబ్బే. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మీ పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. పోటీ పరీక్షల పుస్తకాల బీరువా చూపిస్తారు. అది కాదండీ, పదేళ్ల పిల్లలు చదివే కథలు, నవలలు ఎక్కడ అని అడగండి. లేవంటే, ఇవాళ మీరు రాసుకున్న పేర్లున్న కాగితం అక్కడ ఇచ్చి, తెప్పించమని చెప్పి రండి. ఒకరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. పదిమంది అడిగితే తెప్పిస్తారు.